ఎర్రమ్మవ్వ జొన్నచేలో నాము

ఇప్పలగుంపు, ఏన్కూరు మండలం
జూలై 11

ఇస్మత్,

మీ అమ్మీ పంపిన ఆవకాయ డబ్బా అందింది. నూనె కారుతుందేమోనని కండక్టర్ శ్రీధరన్న దాన్ని ఖమ్మం నుంచి కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాడట. ఇంటర్ చదివేటప్పుడు నాకు జ్వరమొస్తే హాస్టల్ నుంచి మీ ఇంటికి తీసుకెళ్లి పదిరోజులు జావ తాగించిన చేయి అమ్మీది. పన్నెండేళ్లయినా ఆ చేయి నన్ను మర్చిపోలేదు. అమ్మీకి నా దండాలు చెప్పు.

కానీ ఈ ఉత్తరం ఆవకాయ కోసం కాదు. నీతో పనిపడింది. ఫోన్ చేద్దామంటే గుట్ట ఎక్కాలి, ఎక్కినా సగం మాటే వినిపిస్తుంది.

మా చిన్నాయన పగిడయ్య గుర్తున్నాడుగా, నన్ను హాస్టల్లో దించడానికి వచ్చి వార్డెన్‌తో పోట్లాడిన మనిషి. సోమవారం పొద్దున ఆయన ఎడ్లు రెండూ తాళ్లు తెంపుకుని ఎర్రమ్మవ్వ జొన్నచేలో పడ్డాయి. గంట తిరక్కుండా రెండూ నేలకొరిగాయి. నోట నురగ, ఎగశ్వాస, కాళ్లు కొట్టుకోవడం. పశుమిత్రగా తొమ్మిదేళ్ల నుంచి ఊళ్లు తిరుగుతున్నాను, ఇంత తొందరగా పోయిన పశువును చూడలేదు. బెల్లం నీళ్లు పట్టబోతే మింగే ఓపిక కూడా లేదు వాటికి. డాక్టరు గారు వచ్చేసరికి అంతా అయిపోయింది. "జొన్నలో పుట్టే నాము విషం కావచ్చు, ఎక్కడైనా గింజలు ఎక్కువ మెక్కి కడుపు పులిసీ పడిపోవచ్చు, ఎవరైనా విషం పెట్టీ ఉండొచ్చు" అన్నారు. శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపారు. రిపోర్టు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

అప్పటిదాకా ఊరు ఆగేలా లేదు. ఎర్రమ్మవ్వ వారం ముందే గట్టు మీద నిలబడి ఊరంతా వినేలా అరిచింది. "నా చేన్ల నోరు వెట్టిన గొడ్డు ఇంటికి పోకుండ పడిపోవాలె!" అని. విత్తనం వేసిన మనిషి నోటిమాట పంట ఇంటికొచ్చే దాకా ఊరికే పోదని మా ఊరి నమ్మకం. ఇప్పుడు మందు పెట్టి చంపిందని సగం మంది, నోటితో చంపిందని సగం మంది అంటున్నారు. ఏదైనా సరే, ఆమె ఊళ్లో ఉండకూడదన్న మాట పుట్టింది. డెబ్బై దాటిన ముసలామె. ఎకరం చేను, నాలుగు మేకలు తప్ప ఎవరూ లేరు. ఎక్కడికి పోతుంది?

నేను నాము అన్నాను. చిన్నాయన నా మీదికి లేచాడు. "ఏందే నాము? నాము కోసిన జొన్న మోడు పిలకలల్ల పడ్తది. గిది నిలువు చేను. దాని మేకలు గా జొన్ననే తింటున్నయ్. అవెందుకు సావలే?" ఆ మేకల సంగతి నిన్నే అడగాలి. అన్నిటికంటే నన్ను బాధపెడుతోంది ఏమిటంటే, ఎర్రమ్మవ్వ తన తరఫున ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు.

నువ్వు కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నావు. ఆకులో విషం ఉందో లేదో ఇక్కడే, వీళ్ల కళ్ల ముందే తేలే మార్గం ఏదైనా ఉందా?

వనజ

*

ఖానాపురం హవేలి, ఖమ్మం
జూలై 14

వనజా,

"ల్యాబ్‌లో పనిచేస్తున్నావు" అని ఎంత గొప్పగా రాశావే! నేను చేసేది సీసాలు, గాజు గొట్టాలు కడగడం. అయినా నన్ను అడిగినందుకు నీకే షుక్రియా. ఎనిమిదేళ్లలో నన్ను ఒకరు రసాయనశాస్త్రం అడగడం ఇదే మొదలు.

చిన్నాయనకు సగమే తెలుసు. నాము అంటే సైనైడ్. అది లేత జొన్నలో ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది, కాకపోతే ఆకులో బందీగా ఉంటుంది. పశువు నమిలితే బయటపడుతుంది. మొలిచాక వానలు పడక చేను బెట్టకొస్తే బాగా పెరుగుతుంది, అది మోడు పిలకైనా సరే, నిలువు చేనైనా సరే. మీ దగ్గర ఇరవై రోజులుగా చుక్క లేదని పేపర్లో చదివాను. మేకల సంగతే నాకూ అర్థం కాలేదు. ఆమె వాటికి మేత ఎలా వేస్తుందో అడుగు.

కవరులో రెండు రకాల కాగితాలు పెట్టాను. పసుపువి సైనైడ్ కోసం. తాజా ఆకును నలిపి సీసాలో వేసి, పసుపు కాగితాన్ని తడిపి, ఆకుకు తగలకుండా పైన వేలాడదీసి, మూత గట్టిగా పెట్టు. ఏదైనా మూత బిగువున్న సీసా చాలు. విషం ఉంటే ఆ ఆవిరికి కాగితం ఇటుకరంగుకు మారుతుంది. ఒక పూట ఓపిక పట్టు. నీలంవి పులుపు కోసం. పులుపు తగిలితే ఎర్రబడతాయి. డాక్టరు గారు కడుపు పులవడం అన్నారు కదా, ముందు ముందు నీకు పనికొస్తాయి.

కాగితాలన్నీ మా అబ్బా కోశారు. మన్సూర్ బైండింగ్ దుకాణంలో ఇంతవరకు పెళ్లిపత్రికలు, లెడ్జర్లు కోసిన కత్తి ఇది. "ఈ ముక్క ఒక ముసలామెను ఊళ్లో ఉంచుతుందా?" అని అడిగారు. ఉంచుతుందన్నాను. అప్పటి నుంచి ఒక్కొక్కటీ స్కేలు పెట్టి మరీ కోశారు.

ఫొటో తీసి పంపకు, ఫోన్‌లో పసుపు ఒక్కోసారి ఒక్కోలా కనిపిస్తుంది. కాగితమే పంపు.

నీ ఇస్మత్

*

ఇప్పలగుంపు
జూలై 18

ఇస్మత్‌కు,

కాగితాలు అందాయి. చెప్పినట్టే పెట్టాను. పసుపుగానే ఉంది. దాన్ని ఇందులో పెట్టి పంపుతున్నాను.

శ్రమ తీసుకున్నందుకు థ్యాంక్స్. అబ్బాకు కూడా చెప్పు. ఈ సంగతి ఇక వదిలేద్దాం.

వనజ

*

ఖానాపురం హవేలి
జూలై 21

ఏమే వనజా,

నువ్వు నాకు థ్యాంక్స్ రాయడం ఏమిటి? హాస్టల్లో నా పరుపు మీద పడుకుని, నా దుప్పటి కప్పుకుని, గురక పెడుతున్నానని నన్నే తిట్టిన మనిషివి. నువ్వు మర్యాదగా రాశావంటే ఏదో దాస్తున్నావని అర్థం. సరే, ముందు నేను దాచింది చెబుతాను.

ఆ కాగితాలు నేను తయారు చేయడం అదే మొదటిసారి. మా సార్ నోట్సు చూసి చేశాను. ఆయన ల్యాబ్ వరకే చేసుకోమన్నారు. బయటికి పంపుతున్నానని ఆయనకు చెప్పలేదు. నీ ఉత్తరం చదివాక రెండు రాత్రులు నిద్రపట్టలేదు. నా చేతగానితనం వల్ల ఒక ముసలామె ఊరు పోతుందేమోనని ఏడ్చాను కూడా. మా తమ్ముడు మోయిజ్ పనిమీద వేంసూరు వెళ్తుంటే ఎక్కడైనా ఎండకు వాడిన లేత జొన్న కనిపిస్తే అడిగి గుప్పెడు తెమ్మన్నాను. "దవాఖానాలో చూపించుకో అక్కా" అన్నాడు, కానీ తెచ్చాడు. నీకు పంపిన వాటిలో మిగిలిన కాగితమే పెట్టాను. ఒక పూటలో ఇటుకరంగుకు మారింది. అంటే కాగితాలు మంచివే.

నువ్వు తిప్పి పంపినదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన వేసింది. ఏ సీసాలో పెట్టావు? ఈ పసుపు కాగితానికి పులుపు ఆవిరి తగిలితే పనిచేయదు, విషం ఉన్నా రంగు మారదు. ఆ సీసా ఇంకా ఉంటే ఒక నీలం కాగితాన్ని తడిపి అందులో వేలాడదీసి చూడు. దయచేసి ఏం జరిగిందో మొత్తం రాయి.

ఇస్మత్

*

ఇప్పలగుంపు
జూలై 24

ఇస్మత్,

నీలం కాగితం ఎర్రబడింది.

ఇప్పుడు మొత్తం చెబుతాను. ఆ పరీక్ష నేను ఇంట్లో చేయలేదు. ఊరందరినీ పిలిచి, అందరి ముందు చేశాను. నా తెలివి చూపించుకుందామనే ఉబలాటం కూడా ఉంది, అబద్ధమెందుకు. చిన్నాయన తన సీసా తెచ్చి ఇచ్చాడు. "నా సీసలనే వెట్టు. సీస మార్చినవని రేపెవ్వరు అనొద్దు" అన్నాడు. న్యాయంగానే ఉందనిపించింది. అది ఆయన కల్లు పోసుకునే సీసా. నేనే రెండుసార్లు నీళ్లతో తొలిచాను. పులిసిన కల్లు వాసన మా ముక్కులకు వాసన కాదు కదా, ఎవరికీ తట్టలేదు. నువ్వేమో ఏదైనా సీసా చాలన్నావు. నీకూ తట్టలేదు.

సాయంత్రం మూత తీస్తే కాగితం పసుపుగానే ఉంది. చిన్నాయన దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. "సూసిండ్రా? చేన్ల ఏం లేదు. ఉంటె మనిషిలనే ఉన్నది." ఎవరో "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్నారు. అంతవరకు అటూ ఇటూ ఊగుతున్నవాళ్లు కూడా అటే ఒరిగారు. వచ్చే ఆదివారం లోపు ఊరు విడవాలని తీర్మానం చేశారు. ఆమెను కాపాడబోయి నేనే ముంచాను, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ సంగతి నీకు రాయడానికి చేయి రాలేదు. నీ మీద కోపం కాదు, సిగ్గు.

మేకల సంగతి కూడా తెలిసింది. ఆమె పచ్చిమేత వేయదు. జొన్న కోసి బండల మీద పరిచి, గలగలలాడేంత ఎండాకే వేస్తుంది. "పచ్చిది ఏస్తె కడుపు జారి పారుకుంటయ్ బిడ్డా, మా అమ్మ గట్లనే ఎండవెట్టేది" అంది. ఎండితే విషం పోతుందా? పోతే అది కూడా రాసి పంపు.

ఆదివారానికి నాలుగు రోజులే ఉంది. నువ్వు ఏడ్చావని చదివి నేనూ ఏడ్చాను. కాగితం ఎర్రబడనందుకు నన్ను తిట్టకుండా, తప్పు నీదేనేమోనని వేంసూరు నుంచి జొన్న తెప్పించావు చూడు, అలాంటి మనిషి నాకు ఒక్కతి ఉన్నందుకు ఏ దేవుడికి మొక్కాలో తెలియడం లేదు. మా వేల్పుకే మొక్కాను.

వనజ

*

ఖానాపురం హవేలి
జూలై 26

వనజా,

శ్రీధరన్న బస్సు కదలబోతోంది, గబగబా రాస్తున్నాను.

ఎండితే విషం చాలావరకు పోతుంది. వాళ్లమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే సరిగ్గా చేసింది. అందరికీ గట్టిగా చెప్పు.

డబ్బాలో మూడు గాజు సీసాలున్నాయి. కడగడం నా ఉద్యోగం కాబట్టి వీటి గురించి నువ్వు అనుమానపడక్కర్లేదు. మొదటిదానిలో ఎర్రమ్మవ్వ జొన్న. రెండోదానిలో గట్టు మీది గడ్డి. గడ్డి సీసాలో కాగితం పసుపుగా ఉండాలి, అప్పుడే కాగితం ఊరికే రంగు మారదని నమ్ముతారు. మూడోది అనుమానం ఉన్నవాళ్ల కోసం, వాళ్లు ఏది పెట్టమంటే అది. మూడింటిలోనూ ముందు నీలం కాగితం పెట్టి చూపించు, ఎర్రబడకపోతే సీసాలు శుభ్రమని అందరికీ తెలుస్తుంది. ఆకు చిన్నాయన చేతనే కోయించు, మూత కూడా ఆయన చేతనే పెట్టించు. నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు. మిగిలిన ఆకును పశువులకు అందనీయకు, నలిపాక చేతులు కడుక్కోమను.

సార్‌కు నిజం చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన తన నోట్సు మళ్లీ తీసి చూశారు. తర్వాత ఈ కాగితాలు తనే పక్కన నిలబడి చేయించారు. ఆయనకు, అబ్బాకు, ఈ డబ్బా మోసే శ్రీధరన్నకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

సీసా సంగతి చెప్పనిది నేను. ఆదివారం అది కూడా అందరికీ చెప్పు. తప్పు నా మీదే పెట్టు, నేను ఖమ్మంలో ఉంటాను కాబట్టి మోయగలను.

ఇస్మత్

*

ఇప్పలగుంపు
జూలై 29

ఇస్మత్,

ఎర్రమ్మవ్వ ఊళ్లోనే ఉంది! ముందు ఈ మాట రాశాక మిగతాది రాస్తాను.

నిన్న పొద్దున అందరినీ మళ్లీ పిలిచాను. సగం మంది రాలేదు, "ఇంకోసారి తమాషానా" అన్నారు. చిన్నాయన వచ్చాడు. కల్లు సీసా, నీలం కాగితం ముందు పెట్టి నా తప్పు చెప్పాను. నీ మీద పెట్టలేదు, క్షమించు, ఆ తప్పు నేనే మోయాలనిపించింది. ఆయన ఆ సీసాలో ఇంకో నీలం కాగితం తనే వేలాడదీశాడు. అదీ ఎర్రబడింది. పక్కన నీ మూడు సీసాలలో నీలం నీలంగానే ఉంది. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో కోపం కాకుండా ఇంకేదో చూశాను.

ఆకు ఆయనే కోశాడు, ఆయనే నలిపాడు. మూడో సీసా ఎవరికని అడిగితే, "నా చేన్ల జొన్న వెడ్త. ఏ జొన్ననన్న గట్లనే అయితదా, దీందే అయితదా సూద్దం" అన్నాడు. ఎండలో బండ మీద పెట్టి అందరూ చుట్టూ కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నానికి కూడా ఎవరూ లేవలేదు. ముందు అంచులు నారింజగా మారాయి. పొద్దు వాలేసరికి ఎర్రమ్మవ్వ సీసాలో కాగితం కాల్చిన ఇటుకలా ఉంది. గడ్డి సీసాలో పసుపుగానే ఉంది. చిన్నాయన జొన్న పెట్టిన మూడో సీసాలోది ఎర్రమ్మవ్వ దానికంటే ముదురు!

చిన్నాయన ఆ సీసాను చేతిలో తిప్పి తిప్పి చూసుకుని, "రేపు ఆవును నా చేన్లనే కట్టేద్దమనుకున్న" అన్నాడు. ఆయనకు మిగిలింది ఆ ఒక్క ఆవే. ఆ మాటతో అందరూ తమ చేలవైపు చూశారు. వానలు పడి చేను ఏపుగా పెరిగి పూతకొచ్చేదాకా పచ్చిజొన్న మేపకూడదని, ఎర్రమ్మవ్వలా ఎండబెట్టే వేయాలని అక్కడే అనుకున్నారు. ఊరు విడవాలన్న మాటను పెద్దలు వెనక్కి తీసుకున్నారు. ఈ రోజు పొద్దున చిన్నాయన ఎవరికీ చెప్పకుండా వెళ్లి, తన ఎడ్లు తొక్కిన ఆమె కంచె కట్టి వచ్చాడు. నోటితో క్షమాపణ చెప్పే మనిషి కాదు. అది చాలు.

ఎర్రమ్మవ్వే నాకు అర్థం కాలేదు. నవ్వలేదు, ఏడవలేదు. కాగితాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని, "గీ రంగు ఆకు నుంచే వచ్చిందా బిడ్డా? నిజమేనా?" అని మూడుసార్లు అడిగింది. నిజమేనన్నాను. ఆ కాగితం కొంగున కట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

నీ చేతులు ఇక్కడ ఉంటే కళ్లకు అద్దుకునేదాన్ని.

వనజ

*

ఖానాపురం హవేలి
ఆగస్టు 4

వనజా,

నీ ఉత్తరం ఇంట్లో పైకి చదివాను. అమ్మీ మధ్యలో లేచి వెళ్లి దుపట్టాతో ముక్కు తుడుచుకుని వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదవమంది. మర్నాడు అబ్బా దుకాణం నుంచి మంచి కాగితం తెచ్చి, "ఇంకో వంద కోయనా?" అన్నారు. సార్ ఈసారి తరగతిలో పిల్లలకు ఈ పరీక్ష నన్నే చేసి చూపించమన్నారు. ఎనిమిదేళ్లుగా వాళ్ల వెనక నిలబడి గొట్టాలు అందించినదాన్ని, ముందు నిలబడి సీసాను అందరికీ తిప్పి చూపించాను.

నువ్వు అడక్కపోతే ఇదేదీ లేదు. నీకు నేను చేసింది మూడు సీసాలు. నువ్వు నాకు చేసింది అంతకంటే పెద్దది. ఎప్పటికీ మర్చిపోను.

కొత్త కాగితాలు పంపుతున్నాను. చీకట్లో, చల్లగా ఉండేచోట పెట్టు. అవ్వను అడిగానని చెప్పు.

ఇస్మత్

*

ఇప్పలగుంపు
అక్టోబరు 20

ఇస్మత్,

వానలు బాగా పడ్డాయి. జొన్న కంకి వేసింది, గండం గడిచింది. ల్యాబ్ రిపోర్టు కూడా వచ్చింది, నాము అనే రాశారు. ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నీ కాగితం చెప్పాక అది చెప్పేదేముంది అన్నట్టు చూశారు.

కానీ నిన్న జరిగింది నీకు చెప్పకపోతే నేను ఉండలేను.

ఎర్రమ్మవ్వ మేకకు కాలు వాచిందని కబురు పెడితే వెళ్లాను. మేకను చూశాక కూర్చోమంది. అప్పుడు నేనే అడిగాను. అందరూ అన్నేసి మాటలు అంటుంటే ఎందుకు నోరు మెదపలేదు అవ్వా, అని. ఆమె మా కోయ భాషలో చెప్పింది. నీ కోసం తెలుగులో రాస్తున్నాను.

"ఏమని అందును బిడ్డా? అందరు నేనే సంపిన్ననుకున్నరు. నేను గూడ గట్లనే అనుకున్న. అరిచింది నేనే, పడిపోయినయ్ అవ్వి. మందు వెట్టలేదని నాకెరుక. నా నోరు సంపలేదని నాకేమెరుక?"

తర్వాత ఇంకొకటి చెప్పింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదట. ముప్పై ఏళ్ల కిందట, విత్తనాలు వేసే రోజుల్లోనే, మొగుడితో పెద్ద గొడవైంది. కోపంలో "నువ్వు సస్తె నాకు పీడ పోతది" అంది. ఎనిమిది రోజులకు ఆయన జ్వరమొచ్చి పోయాడు. అప్పటి నుంచి ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఊరంతా ఆమెది గర్వమనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను ఇస్మత్. మొన్న జూలైలో పశువులు చేను తొక్కుతుంటే ముప్పై ఏళ్లలో మొదటిసారి నోరు జారిందట. ఎడ్లు చచ్చాయి. ఇక తన నోరు విషమేనని ఖాయం చేసుకుంది. మనం ఆ రోజు పరీక్ష చేయకపోతే, ఊరు పొమ్మనకపోయినా తనే వెళ్లిపోయేదట.

కొంగు విప్పి ఆ కాగితం తీసింది. మడతలు పడి మాసిపోయింది, అయినా ఇటుకరంగు అలాగే ఉంది. అది నా చేతిలో పెట్టి, చిన్నపిల్లలా నా ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ఎడ్లను నా నోరు సంపలేదని ఇది చెప్పింది గద. మల్ల ఆయన్ని గూడ నా నోరు సంపలేదు గదా బిడ్డా?"

ఒక ఆకులో సైనైడ్ ఉందో లేదో, అంతే ఆ కాగితం చెప్పగలదు. నాకు తెలుసు. నీకు ఇంకా బాగా తెలుసు. అయినా నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అవ్ అవ్వా. సంపలేదు" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, మా ఆడవాళ్లు మొగుడి పేరు పైకి అనరు కదా, ఆమె అంది. "ముత్తయ్యా" అంది. ఇంకోసారి అంది. తర్వాత నన్ను అన్నం తిని పొమ్మంది, గంటసేపు ఆపకుండా ఆయన గురించి కబుర్లు చెప్పింది. ఇన్ని మాటలు ఆమె లోపల ఉన్నాయని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఖమ్మం బిడ్డ పేరేంది?" అని అడిగింది. చెప్పాను. రెండుసార్లు పలికి నేర్చుకుంది.

నీ వనజ